నడిగడ్డలో ఓటు, భయం

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. మా ధరూర్ అందులో కృష్ణ వైపు ఊరు. మా మండలంలోని రేవులపల్లి దగ్గర జూరాల ప్రాజెక్టు ఉంది. గుడ్డెందొడ్డి, ర్యాలంపాడు దగ్గర నెట్టెంపాడు ఎత్తిపోతల రిజర్వాయర్లు ఉన్నాయి. పెద్దచింతరేవులలో నది ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉంది. మా ప్రాంతం చరిత్ర అనగానే ఎవరైనా ఈ నీళ్ళ గురించో, గద్వాల కోట గురించో, జరీ చీరల గురించో రాస్తారు. అవన్నీ రాయదగ్గవే. కానీ ఐదేళ్ళకోసారి, ఇప్పుడైతే ఏడాదికోసారి, మా పల్లెల నడుమ గీత గీసి వెళ్ళే ఇంకో సంగతి ఉంది. ఎన్నికల ముందు వచ్చే కొట్లాట అది. దాని చరిత్ర ఎవరూ రాయరు. పోలీస్ స్టేషన్ రికార్డుల్లో, కోర్టు వాయిదాల్లో, మాటలు బంద్ అయిన అన్నదమ్ముల ఇళ్ళల్లో అది మిగిలిపోతుంది.

ఎన్నిక అంటేనే కొట్లాట లేకుండా రాజ్యం ఎవరిదో తేల్చుకునే పద్ధతి. మరి ఆ ఎన్నికకే పార్టీలు కొట్లాటను ఎందుకు తెచ్చుకుంటాయి? మా పెద్దలు దీనికి 'ఆవేశం' అని జవాబు చెబుతారు. పత్రికలు 'ఉద్రిక్తత' అని రాస్తాయి. రెండూ సగమే నిజం. మా నేల మీద, మా చుట్టుపక్కల జరిగినవి వరుసగా పెట్టి చూస్తే నాకు కనబడింది ఒక్కటే. ఎన్నికల ముందటి హింస చాలామట్టుకు లెక్క చూసుకుని చేసే పని. లాభం ఎంత, ఖర్చు ఎంత, శిక్ష పడుతుందా లేదా అని చూసుకున్నాకే కర్ర లేస్తుంది. ఆ లెక్క కాలాన్నిబట్టి ఎట్లా మారిందో మా నడిగడ్డ చరిత్రే చెబుతుంది.

కొట్లాట అక్కర్లేని భయం

నిజాం రాజ్యంలో గద్వాల ఒక సంస్థానం. కోట కట్టించిన సోమనాద్రి పేరు ఇప్పటికీ మా వాళ్ళ నోట వినబడుతుంది. చివరి రోజుల్లో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలించారు. 1948 పోలీసు చర్య తర్వాత జాగీర్లు, సంస్థానాలు పోయాయి. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. రాజ్యం పోయినా పరపతి ఒక్కసారిగా పోలేదు. 1962 శాసనసభ ఎన్నికల్లో గద్వాల నుంచి గెలిచింది సంస్థాన వంశానికి చెందిన కృష్ణరాంభూపాల్. ఆయన ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు.

ఆ కాలంలో పల్లెల్లో మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ ఉండేవారు. శిస్తు వసూలు ఒకరి చేతిలో, శాంతిభద్రతలు ఒకరి చేతిలో, భూమి కాగితాలు ఒకరి చేతిలో. వాళ్ళ ఇంటి అరుగు మీద తేలిన మాటే ఊరి మాట. భూమి వాళ్ళది, అప్పు వాళ్ళది, గొడవ వస్తే పంచాయితీ చెప్పేది వాళ్ళే. అటువంటి ఊళ్ళో ఓటు కోసం కర్ర ఎత్తాల్సిన పనే లేదు. ఎదురు నిలబడేవాడు ఉంటే కదా కొట్టడానికి.

అందుకే పాతకాలం ఎన్నికలు ప్రశాంతంగా జరిగేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది భయం పూర్తిగా గెలిచిన చోట కనిపించే నిమ్మళం. ఎదురుతిరిగే మనిషి పుట్టాకే కొట్లాట బయటికి కనబడుతుంది. ఎన్నికల హింస పెరగడానికి ఒక కారణం జనం లొంగకపోవడమే. ఇది చేదుగా ఉన్నా, ఇందులో ఒక గౌరవం కూడా ఉంది. దెబ్బలు తిన్నవాళ్ళు ఎవరికో ఒకరికి 'కాదు' అని చెప్పినవాళ్ళే.

పదవికి విలువ పెరిగిన ఏళ్ళు

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో మండలాలు వచ్చాయి, ధరూర్ మండల కేంద్రమైంది. 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. ఈ మూడేళ్ళలో పల్లె రాజకీయం తలకిందులైంది. అంతకుముందు పుట్టుకతో వచ్చిన అధికారం ఇప్పుడు ఓటుతో రావాలి. వెనుకబడిన కులాలవాళ్ళు, చదువుకున్న పడుచువాళ్ళు పోటీకి వచ్చారు. పాత ఇళ్ళవాళ్ళు తమ పట్టు నిలబెట్టుకోవడానికి పార్టీల నీడలోకి వెళ్ళారు.

అదే కాలంలో నీళ్ళ పనులు మొదలయ్యాయి. జూరాలకు 1981లో పునాది రాయి పడింది. 1990ల నడుమ నీళ్ళు నిలబడ్డాయి. తర్వాత ఎడమ, కుడి కాలువలు, ఎగువ, దిగువ జూరాల కరెంటు కేంద్రాలు, రెండు లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాలని తలపెట్టిన నెట్టెంపాడు ఎత్తిపోతల వరుసగా వచ్చాయి. కాలువ తవ్వాలి, కట్ట పోయాలి, మోరీ కట్టాలి, రోడ్డు వేయాలి. ప్రతి పనికీ ఒక కాంట్రాక్టరు, ప్రతి కాంట్రాక్టరుకూ ఒక బిల్లు, ప్రతి బిల్లుకూ ఒక సంతకం. భూసేకరణ పరిహారం వచ్చిన చోట దాని చుట్టూ దళారులు చేరారు. తర్వాత తర్వాత ఇసుక, మద్యం దుకాణాలు, రియల్ ఎస్టేటు. పదవి ఉంటే ఇవన్నీ అందుతాయి. లేకపోతే ఐదేళ్ళు ఎండిపోవాలి.

నీళ్ళు రావడం మా అదృష్టం. జూరాల లేకపోతే మా పిల్లలు ఇప్పటికీ వలసబండి ఎక్కేవాళ్ళే. పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలిసిన రోజులు మా తాతలు చూశారు. కానీ నీళ్ళతోపాటు వచ్చిన డబ్బు పంచే అధికారం కొద్దిమంది చేతుల్లో ఉండిపోయింది. సర్పంచ్ నుంచి ఎమ్మెల్యే దాకా ఒకే వరుస గెలిస్తేనే పనులు వస్తాయన్న నమ్మకం బలపడింది. ఓడిపోవడం అంటే కేవలం ఓడిపోవడం కాకుండా పోయింది. అప్పుచేసి పోటీకి దిగినవాడికి అది దివాలా. పందెం అంత పెద్దదైనప్పుడు కొందరు ఆట నియమాలు దాటుతారు.

పార్టీ కన్నా వర్గం పెద్దదైనప్పుడు

గద్వాల రాజకీయాల్లో డి.కె. కుటుంబానిది పెద్ద చోటు. సత్యారెడ్డి, సమరసింహారెడ్డి, భరతసింహారెడ్డి, ఆ తర్వాత అరుణ. 1994లో అన్న సమరసింహారెడ్డి మీద తమ్ముడు భరతసింహారెడ్డి ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు. 1999లో తెలుగుదేశం తరఫున గట్టు భీముడు గెలిచారు. 2004లో అరుణ సమాజ్‌వాదీ పార్టీ గుర్తు మీద గెలిచారు. తర్వాత రెండుసార్లు కాంగ్రెస్‌లో గెలిచారు, ఆపై బీజేపీలోకి వెళ్ళి 2024లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. 2018లో, 2023లో బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి టీఆర్ఎస్, బీఆర్ఎస్ తరఫున గెలిచారు.

ఇవి ఎవరినీ వేలెత్తి చూపడానికి రాయడంలేదు. గుర్తులు మారుతున్నా జనం మనిషి వెంబడే నడిచారన్నది ఇందులో చూడాల్సిన సంగతి. సిద్ధాంతం మీద నిలబడిన పార్టీలో ఓడినవాళ్ళు మళ్ళీ మాటతో గెలవాలని చూస్తారు. వర్గం మీద నిలబడిన రాజకీయంలో ఊళ్ళో ప్రతి ఇల్లూ ఏదో ఒక వైపు లెక్కలోకి వస్తుంది. పొలం గట్టు తగాదా, పెళ్ళి సంబంధం చెడిపోవడం, పాలివాళ్ళ భూమి పంపకం, అన్నీ ఎన్నికల నాటికి పార్టీ గొడవల వేషం కడతాయి. పార్టీకి కార్యకర్త కావాలి, పల్లెవాడికి తన తగాదాలో వెనుక నిలబడే మనిషి కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే మా దిక్కు వర్గ రాజకీయానికి పునాది.

తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడి ముఠా కక్షల గాలి మాకూ తగులుతూ వచ్చింది. 2008 మే నెలలో కప్పట్రాళ్ళ వెంకటప్పనాయుడు హత్య, 2017 మేలో పత్తికొండ నియోజకవర్గ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డి హత్య ఆ జిల్లాను వణికించాయి. రాయలసీమ ముఠాల మీద రాసిన మానవ హక్కుల నాయకుడు కె.బాలగోపాల్ ఒక సంగతి పట్టిచూపారు. ఊరి స్థాయిలో ఉన్న కక్షలను పై స్థాయి నాయకులు ఎన్నికల కోసం, కాంట్రాక్టుల కోసం వాడుకోవడం మొదలయ్యాక అవి ఊరి అదుపు తప్పాయి. నడిగడ్డ ఆ స్థాయికి వెళ్ళలేదు. కానీ అదే దారికి దగ్గర్లో ఉన్నామని మరచిపోకూడదు.

తుపాకి మాట్లాడిన రోజులు

నల్లమల వైపు అచ్చంపేట, కొల్లాపూర్‌లలో ఇంకో రకం భయం ఉండేది. ఎన్నికలు బహిష్కరించమని నక్సలైట్లు పిలుపునిచ్చేవారు. గోడ మీద రాత చూసి ఓటు వేయాలా వద్దా అని పల్లెలు తల్లడిల్లేవి. ఓటు వేస్తే ఒకరికి కోపం, వేయకపోతే పోలీసులకు అనుమానం. 1993 నవంబరు 14న కృష్ణ ఒడ్డునే ఉన్న సోమశిల దగ్గర నక్సలైట్ల దాడిలో మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశినాయుడు చనిపోయారు.

2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆయన కొడుకు, మరికొందరు కూడా అక్కడే చనిపోయారు. రెండు రోజులకే రాష్ట్ర ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద మళ్ళీ నిషేధం విధించింది. అంతకుముందు ఏడాది మొదలై అప్పటికే తెగిపోయిన శాంతి చర్చలు మళ్ళీ మొదలయ్యే ఆశ అట్లా పోయింది. నర్సిరెడ్డి డి.కె. అరుణకు తండ్రి.

సిద్ధాంతం పేరిట జరిగినా, వర్గం పేరిట జరిగినా ఓటరుకు మిగిలేది ఒకటే. తన తీర్పు కన్నా ఆయుధం తీర్పు పెద్దదని ఒప్పుకోమంటారు. ప్రజలు ఎన్నుకున్న మనిషిని చంపితే ఆయనకు ఓటు వేసిన వేలమంది మాట కూడా చంపినట్టే. మక్తల్ ప్రజలు అదే ఏడాది ఉప ఎన్నికలో ఓటు వేసి ఆయన ఇంకో కొడుకు రామ్మోహన్‌రెడ్డిని శాసనసభకు పంపారు. తుపాకికి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

మన కళ్ళముందటి ఎన్నికలు

నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానంలో మా గద్వాలతోపాటు అలంపూర్, వనపర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి ఉన్నాయి. ఈ ఏడింటిలో గత కొన్నేళ్ళలో జరిగినవి చూడండి.

2018 డిసెంబరు 7న పోలింగు నాడు కల్వకుర్తి కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్‌రెడ్డి మీద ఆమనగల్ మండలం జంగారెడ్డిపల్లెలో దాడి జరిగింది. పోలింగ్ బూత్ చూడడానికి వెళ్ళిన అభ్యర్థే దెబ్బలు తిని ఆసుపత్రికి వెళ్ళాడు.

2023 నవంబరు 30న శాసనసభ పోలింగు. దానికి సుమారు మూడు వారాల ముందు, నవంబరు 11 రాత్రి, అచ్చంపేటలో బీఆర్ఎస్, కాంగ్రెస్ కార్యకర్తల నడుమ గొడవ జరిగింది. ఒక వాహనంలో డబ్బు తరలిస్తున్నారని కాంగ్రెస్‌వాళ్ళు ఆరోపించారు. కావాలని దాడి చేశారని బీఆర్ఎస్‌వాళ్ళు అన్నారు. ఆ గొడవలో అప్పటి ఎమ్మెల్యే, అభ్యర్థి గువ్వల బాలరాజుకు రాయి తగిలింది. ఆయనను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డిసెంబరు 3న ఓట్లు లెక్కిస్తే కాంగ్రెస్ అభ్యర్థి చిక్కుడు వంశీకృష్ణ గెలిచారు. అదే ఎన్నికల్లో, మా ఏడింటి బయట, అక్టోబరు 30న దుబ్బాక అభ్యర్థి కొత్త ప్రభాకర్‌రెడ్డిని ప్రచారంలో ఉండగా ఒక మనిషి కత్తితో పొడిచాడు. పోలీసుల దర్యాప్తు ముగియకముందే రెండు పార్టీలూ ఒకరి మీద ఒకరు నింద వేసుకున్నాయి.

2024లో కొల్లాపూర్ నియోజకవర్గంలో బీఆర్ఎస్‌కు చెందిన ఇద్దరు హత్యకు గురయ్యారు. రెండో హత్య లోక్‌సభ పోలింగు ముగిసిన కొద్ది రోజులకే, మే నెలలో, చిన్నంబావి మండలం లక్ష్మీపల్లిలో జరిగింది. రాజకీయ హత్య అని ఒక పక్షం అంది, సొంత తగాదాలని ఇంకో పక్షం అంది. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. సొంత తగాదానా, పార్టీ తగాదానా అని విడదీయలేనంతగా పల్లెలో రెండూ కలిసిపోయాయి. ఎవరి తగాదా అయినా మనిషి ప్రాణం పోయాక ఆ ఇంటికి ఏ పార్టీ ఇచ్చే పరిహారమూ సరిపోదు.

హింస ఏ పనికి వస్తుంది?

పార్టీలు, పార్టీల పేరు చెప్పుకునే స్థానిక నాయకులు హింసను ఎందుకు ఎంచుకుంటారో ఇప్పుడు చెప్పవచ్చు. అది వాళ్ళకు నాలుగు పనులు చేసిపెడుతుంది.

మొదటిది, పోటీని మొదట్లోనే ఆపడం. నామినేషన్ వేయనీయకపోతే ఓటు గొడవే ఉండదు. 2018లో పశ్చిమ బెంగాల్ పంచాయతీ ఎన్నికల్లో సుమారు 34 శాతం సీట్లలో పోటీయే జరగలేదు. అభ్యర్థులను అడ్డుకున్నారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి స్థానిక ఎన్నికల్లోనూ నామినేషన్ పత్రాలు లాక్కున్నారన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మన దగ్గర ఇదే పని మెత్తగా జరుగుతుంది. 'ఏకగ్రీవం' పేరుతో సర్పంచ్ పదవికి వేలం పాట పెడతారు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల ముందు మా గద్వాల జిల్లా పల్లెల నుంచి కూడా ఈ వార్తలు వచ్చాయి. గుడికి డబ్బు ఇస్తున్నారు కదా అని జనం సర్దుకుంటారు. కానీ పోటీ చేయాలనుకున్న పేదవాడిని 'ఊరంతా ఒకటైంది, నువ్వే అడ్డం' అని పదిమంది చుట్టూ చేరి ఒప్పించడం కూడా బెదిరింపే. దెబ్బ కనబడదు, అంతే.

రెండోది, ఏజెంటును వెళ్ళగొట్టడం. బూత్‌లో ఎదుటి పార్టీ ఏజెంటు లేకపోతే ఎవరి ఓటు ఎవరు వేసినా అడిగేవాడు ఉండడు. 2024 మే 13న పల్నాడులో జరిగిన గొడవల్లో ఏజెంట్ల మీద దాడులు పెద్ద భాగం. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు బూత్‌లో అప్పటి ఎమ్మెల్యే ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, పల్నాడు కలెక్టరునూ తిరుపతి ఎస్పీనీ బదిలీ చేసింది.

మూడోది, ఎదుటివాళ్ళ ఓటరును ఇంట్లో కూర్చోబెట్టడం. దీనికి అందరినీ కొట్టనక్కర్లేదు. పోలింగుకు వారం ముందు ఒక్కరిని కొడితే చాలు. ఆ వార్త వాడవాడకూ తనే నడిచి వెళ్తుంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, హైదరాబాద్ నుంచి బస్సెక్కి రావాల్సిన కూలీలు 'ఈసారి వద్దులే' అనుకుంటారు. గెలుపు తేడా కొన్ని వందలే ఉండే పంచాయతీలో అది చాలు.

నాలుగోది, తన వర్గాన్ని గట్టిపరచుకోవడం. దెబ్బ తిన్న కార్యకర్త ఇంటికి నాయకుడు వస్తాడు, ఫొటోలు దిగుతారు, జనం కోపంతో ఒకటవుతారు. అటూ ఇటూ ఊగేవాళ్ళు ఏదో ఒక వైపు తేలాల్సి వస్తుంది. ధరల గురించి, ఎరువుల గురించి, విత్తన పత్తి రైతుకు కంపెనీలు ఇచ్చే రేటు గురించి అడగాల్సిన ఎన్నిక, ఎవరు ఎవరిని కొట్టారన్న దాని మీద జరిగిపోతుంది. రాజకీయ శాస్త్రవేత్త స్టీవెన్ విల్కిన్సన్ మన దేశంలోని మత ఘర్షణల మీద 2004లో రాసిన పుస్తకంలో ఇటువంటి సంగతే చెప్పారు. ఏ ప్రభుత్వానికి ఎవరి ఓటు అవసరమో దాన్నిబట్టి గొడవ పెరగడమో ఆగడమో ఉంటుంది. పోలీసులు ఆపలేక ఆగనివి తక్కువ, ఆపమని చెప్పక ఆగనివి ఎక్కువ.

ఎవరు ఎటు వేశారో తెలిసిపోతుంది

హింసకు దన్నుగా నిలిచే ఇంకో కారణం ఉంది. దాని గురించి మన దగ్గర చర్చ జరగదు. ఓటు రహస్యం, కానీ ఊరి ఓటు రహస్యం కాదు. అసెంబ్లీ ఎన్నికల్లో బూత్‌వారీగా లెక్క బయటికి వస్తుంది. ఒక్కో బూత్‌లో ఉండేది వెయ్యి, పన్నెండువందల ఓట్లు. ఏ వాడ ఎటు మొగ్గిందో నాయకుడికి తెలిసిపోతుంది. పంచాయతీ ఎన్నికల్లో ఇంకా దగ్గర. పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకా పోలింగు, రెండింటి నుంచి అదే ఊళ్ళో లెక్కింపు. వార్డులో కొన్ని వందల ఓట్లే ఉంటాయి. ఎవరు మాట తప్పారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ తర్వాత ఇందిరమ్మ ఇల్లు రాకపోయినా, పింఛన్ ఆగినా, మోరీ పని మధ్యలో నిలిచినా కారణం అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

బ్యాలెట్ పత్రాల రోజుల్లో బెదిరింపు భయం ఉన్న చోట అన్ని బూత్‌ల పత్రాలను కలిపి లెక్కించడానికి ఎన్నికల నిర్వహణ నియమాల్లో వీలుండేది. ఈవీఎంలు వచ్చాక ఆ వీలు పోయింది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి ఒకే లెక్కగా చూపే 'టోటలైజర్' యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ బూత్ ఎటు వేసిందో తెలిస్తేనే పార్టీలు పని చేసుకోగలవన్నది కారణాల్లో ఒకటి. పార్టీల వీలు కోసం మా పల్లెవాళ్ళ భయాన్ని అట్లాగే ఉంచడం న్యాయం కాదు.

శిక్ష పడకపోతే ధైర్యం పెరుగుతుంది

చట్టాలు లేక కాదు. బూత్‌ను ఆక్రమిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 135ఏ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. ఓటరును బెదిరించడం అదే చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య, దానితో ఎన్నికే రద్దు కావచ్చు. అనుమానం ఉన్నవాళ్ళను ముందే బైండోవర్ చేసే అధికారం ఉంది. లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయించాలి.

కానీ కాలం? మా గద్వాల ఎన్నికనే చూడండి. 2018 ఎన్నిక మీద అఫిడవిట్ విషయంలో వేసిన పిటిషన్‌కు హైకోర్టు తీర్పు 2023 ఆగస్టులో వచ్చింది. ఎన్నిక చెల్లదని, అరుణ గెలిచినట్టని ప్రకటించింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. నవంబరులో కొత్త ఎన్నికలే వచ్చాయి. ఇది హింస కేసు కాదు, కాగితాల కేసు. కాగితాలే సాక్ష్యమైన కేసుకే ఒక శాసనసభ కాలమంతా పడితే, సాక్షులు ఊళ్ళోనే బతకాల్సిన కొట్లాట కేసు ఎన్నాళ్ళు పడుతుంది? చివరికి ఊరి పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేయిస్తారు, కేసు కొట్టేస్తారు. రాయి వేసినవాడు వచ్చే ఎన్నికకు ఇంకొంచెం ధైర్యంగా వస్తాడు.

ఈ బరువు మోసేది నాయకులు కారు. మొదటి వరుసలో నిలబడేది ఇరవై, పాతికేళ్ళ పిల్లలు. సాయంత్రం బిర్యానీ, మందు, రోజుకు కొన్ని వందలు, నాయకుడు భుజం మీద వేసిన చెయ్యి. వాళ్ళను నిలబెట్టడానికి అది చాలు. కేసు పడ్డాక కానిస్టేబుల్ ఉద్యోగం పోలీసు వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. గల్ఫ్‌కు వెళ్దామంటే పాస్‌పోర్టు ఆగిపోతుంది. వాయిదాలకు గద్వాల కోర్టు చుట్టూ తిరిగేది తల్లిదండ్రులు. రెండు పార్టీల నాయకులు ఈలోగా ఒకే పార్టీలో చేరిపోతారు, ఒకే పెళ్ళి పందిట్లో పక్కపక్కన కూర్చుంటారు. దెబ్బలు తిన్న రెండిళ్ళు మాత్రం ఒకే బావి దగ్గర ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

ఆగిన చోట్లు ఉన్నాయి

ఇది మన రక్తంలో ఉందని, మారదని అనేవాళ్ళకు రెండు చోట్లు చూపిస్తాను. బిహార్‌లో ఒకప్పుడు ఎన్నిక అంటే శవాల లెక్క. 1990ల్లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్.శేషన్ కేంద్ర బలగాలను దింపి, పోలింగును దశలుగా విడగొట్టారు. 2005లో ఎన్నికల సంఘం పంపిన కె.జె.రావు పర్యవేక్షణలో బోగస్ ఓట్లు ఏరేశారు, గూండాలను ముందే లోపల వేశారు. తర్వాతి ఏళ్ళలో ఆయుధ కేసులు త్వరగా విచారించి శిక్షలు వేశారు. అదే నేల, అదే కులాలు, అదే పార్టీలు, కానీ చావులు బాగా తగ్గాయి. లెక్క మారింది కాబట్టి.

రెండోది మా పొరుగున ఉన్న కప్పట్రాళ్ళ. కక్షలకు పేరుపడ్డ ఆ ఊరిని అప్పటి కర్నూలు ఎస్పీ ఆకె రవికృష్ణ దత్తత తీసుకుని బడి మీద, రోడ్డు మీద, ఉపాధి మీద దృష్టి పెట్టారు. కొట్లాటకు పిలిస్తే వచ్చే పిల్లలు బడికి, పనికి వెళ్ళారు. ఎవరో ఒక అధికారి వస్తేనే ఊరు మారాలా అన్న ప్రశ్న ఉంది. అందుకే చివరి మాట మా ఊళ్ళవాళ్ళతోనే.

ఎన్నికల సంఘం ప్రతిపాదించిన టోటలైజర్‌ను కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలని, కనీసం మండలంలోని బూత్‌లను కలిపి లెక్కించాలని మనం అడగాలి. ఎన్నికల నేరాల కేసులు ఏడాదిలోపు తేలేలా ప్రత్యేక కోర్టు కావాలని అడగాలి. సర్పంచ్ వేలం పాటకు ఊరి కమిటీ పిలిస్తే వెళ్ళకండి. అది రాజీ కాదు, మన ఓటును పదిమంది కలిసి అమ్మేయడం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో బెదిరింపు కనబడితే సీవిజిల్ యాప్‌లో ఫొటో పెట్టండి. ఫిర్యాదు మీద వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలని ఎన్నికల సంఘమే నియమం పెట్టుకుంది. అన్నిటికీ మించి, తల్లులారా, తండ్రులారా, నామినేషన్ల నాటి నుంచి లెక్కింపు దాకా సాయంత్రం వేళ మీ కొడుకు ఎక్కడున్నాడో కనుక్కోండి. ఏ నాయకుడి కొడుకైనా ఆ గుంపులో రాయి పట్టుకుని నిలబడ్డాడా అని అతణ్ణి అడగండి. నిలబడి ఉండడు. నాయకుల పిల్లలు నిలబడని చోట మన పిల్లలు నిలబడనక్కర్లేదు.